ఇంటి బండికి ఏ ఇంధనము చౌక?

ఇటీవల మా కేంద్రమునకు వచ్చిన లేఖలలో ఒకటి మమ్ము ఆలోచింపజేసినది. వ్రాసినవారు విశ్రాంత తెలుగు పండితులు. వారి కుమారుడును కోడలును అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున ఉద్యోగములు చేయుచున్నారు. సెలవులలో పిల్లలతో కొండలు, అడవులు చూచి వచ్చుటకై, లోపలనే పడకలును, పొయ్యియు, నీటితొట్టియు అమరియున్న వ్యాను నొకదానిని అప్పుచేసి కొనదలచినారట. పెట్రోలు బండికంటె డీజిలు బండి ధర ఎక్కువ. "డీజిలు చౌక గదా, ఆ ఎక్కువ సొమ్ము రెండు మూడేండ్లలో తిరిగి వచ్చునని తలచి, డీజిలు బండినే కొనుమని అబ్బాయికి చెప్పితిని. నా సలహా సరియైనదేనా?" అని వారి ప్రశ్న. పిల్లలు విదేశములలో నున్న తల్లిదండ్రులు పెక్కుమందికి ఇట్టి సందేహము కలుగవచ్చును. కావున సమాధానమును ఇచట కొంత వివరముగా చెప్పుచున్నాము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. అమెరికాలో పెట్రోలును గ్యాసొలీను అందురు. వాడుకలో అది కుదించుకొని గ్యాసు అయినది. అచ్చటివారు గ్యాసు బండి అన్నచో అది మన పెట్రోలు బండియే. మన వంటగ్యాసు వంటి ప్రొపేను కూడ ఇట్టి వ్యాన్లలో పెక్కింట నుండును. అది పొయ్యికిని, చలిలో లోపలి గాలిని వెచ్చజేయుటకును మాత్రమే. పొరపాటునకు తావు లేకుండుటకై ఈ వ్యాసములో మేము పెట్రోలు అనియే వ్రాయుచున్నాము.

డీజిలు చౌక యను భావము మనకు మన దేశపు బంకులలో ఏర్పడినది. ఇచట డీజిలుపై పన్ను పెట్రోలుపై పన్నుకంటె తక్కువ. 2014 అక్టోబరు వరకు డీజిలు ధర ప్రభుత్వపు అదుపులో నుండెను. ఆ అదుపు తొలగిన పిమ్మటను లీటరు డీజిలు లీటరు పెట్రోలుకంటె తక్కువ ధరకే దొరకుచున్నది. అమెరికాలో ఈ లెక్క తలక్రిందులు. అచట ఇంధనమును గాలనులలో అమ్ముదురు. ఒక గాలను 3.785 లీటర్లు. కేంద్ర ప్రభుత్వపు పన్ను గాలను పెట్రోలునకు 18.4 సెంట్లు, గాలను డీజిలునకు 24.4 సెంట్లు. రాష్ట్రముల పన్నులు వేరు. దీనికి తోడు, లారీలు, రైళ్ళు, పొలము యంత్రములు అన్నియు డీజిలునే కోరును. చలిదేశములలో ఇండ్లను వెచ్చజేయు నూనెయు ఇంచుమించు అదియే. డీజిలులోని గంధకము పదిలక్షల పాళ్ళలో 15 పాళ్ళు మించరాదను నిబంధన అచట 2006లో అమలునకు వచ్చినది. ఆ శుద్ధికిని ఖర్చు కలదు. ఇట్టి కారణములచేత 2004 సెప్టెంబరు మొదలు అమెరికాలో డీజిలు ధర దాదాపు ఎడతెగక పెట్రోలు ధరను మించియే యున్నది. 2022 జూన్‌లో పెట్రోలు సగటు ధర గాలనుకు తొలిసారి 5 డాలర్లు దాటినపుడు, డీజిలు ధర 5 డాలర్ల 80 సెంట్లకు ఎక్కినది.

అట్లైన డీజిలు బండిని ఎవరైనను ఏల కొందురు? గాలను ధర హెచ్చైనను, ఆ గాలను మోసికొనిపోవు దూరము కూడ హెచ్చు. ఇందులకు రెండు కారణములు. మొదటిది, డీజిలు పెట్రోలుకంటె బరువైన నూనె. ఒక గాలనులో నిలువయున్న శక్తి నూటికి 10 మొదలు 15 వరకు అధికము. రెండవది ఇంజను పనిచేయు తీరు. పెట్రోలు ఇంజనులో గాలియు ఇంధనమును కలిసిన మిశ్రమమును నొక్కి, విద్యుత్తు రవ్వతో అంటింతురు. మితిమీరి నొక్కినచో అది రవ్వ రాకముందే అంటుకొనును. కావున సుమారు పదింట ఒకవంతు పరిమాణమునకు నొక్కి ఆపవలయును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున నడిపి చూపిన ఇంజనులో మొదట నొక్కబడునది గాలి మాత్రమే. నేటి డీజిలు ఇంజనులలో గాలిని పదునైదవ వంతునకును, అంతకు మించియు నొక్కుదురు. ఆ వేడిలో చిమ్మిన నూనె రవ్వ లేకయే మండును. ఎంత గట్టిగా నొక్కిన, మంటలోని వేడినుండి అంత ఎక్కువ పని రాబట్టవచ్చును.

ఇప్పుడు లెక్కకు వత్తము. ఈ అంకెలు వివరించుటకై మేము అనుకొన్నవి. ఎవరి బండి అంకెలు వారు వేసికొనవలయును. పెట్రోలు వ్యాను గాలనుకు 15 మైళ్ళును, డీజిలు వ్యాను 18 మైళ్ళును పోవుననుకొందము. మన కొలతలో లీటరుకు ఇంచుమించు 6.4, 7.7 కిలోమీటర్లు. పెట్రోలు గాలను 3 డాలర్లైనచో మైలుకు 20 సెంట్లు. డీజిలు 3 డాలర్ల 60 సెంట్లైనచో మైలుకు అదియును 20 సెంట్లే. లాభము లేదు, నష్టము లేదు. దూరములో డీజిలు నూటికి 20 మెరుగు, ధరలో నూటికి 20 ప్రియము, రెండును సరిపోయినవి. సూత్రమిదియే: దూరములోని మెరుగు ధరలోని తేడాకంటె ఎక్కువైనపుడే డీజిలు చౌక.

డీజిలు కొంత దిగి 3 డాలర్ల 30 సెంట్లకు వచ్చినదనుకొందము. అప్పుడు మైలుకు 18.3 సెంట్లు, మైలుకు 1.7 సెంట్లు మిగులును. సెలవులకు మాత్రమే కదలు బండి ఏటికి 4,000 మైళ్ళు తిరిగినచో మిగులునది సుమారు 67 డాలర్లు. డీజిలు బండికి 5,000 డాలర్లు అదనముగా ఇచ్చియుండినచో, ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు 75 ఏండ్లు పట్టును! అంతేకాదు, ఆ 5,000 డాలర్లు అప్పు తెచ్చినవైనచో, నూటికి 8 చొప్పున మొదటి ఏటి వడ్డీయే 400 డాలర్లు. మిగులు 67, వడ్డీ 400. ఏటికి 20,000 మైళ్ళు తిరుగువారికి మిగులు 330 డాలర్లు దాటును. వారికిని 15 ఏండ్లు పట్టును.

చిల్లర ఖర్చులును కలవు. నేటి డీజిలు బండ్లలో పొగను శుద్ధిచేయుటకు యూరియా ద్రావణమును వేరొక తొట్టిలో పోయవలయును. అది తరుగుచో మరల నింపవలయును. గడ్డకట్టు చలిలో మామూలు డీజిలు మైనమువలె చిక్కబడును గనుక, ఉత్తరపు రాష్ట్రములలో శీతకాలమునకు తగిన డీజిలు కొనవలయును. పొరపాటున డీజిలు తొట్టిలో పెట్రోలు పోసినచో, ఇంధనమును నెట్టు పంపు చెడి మరమ్మతు పెద్ద మొత్తమగును. బంకులో గొట్టమును చేత పట్టుకొనుటకు ముందు దానిపై పేరు చదువుట మంచిది.

డీజిలుకు న్యాయమును చెప్పవలయును. తక్కువ వేగముననే గట్టిగా లాగు బలము దానికి సహజము. నిండు బరువుతో కొండ ఎక్కునపుడు ఆ బలము తెలియును. టర్బో అమర్పులేని పెట్రోలు ఇంజను ఎత్తునకు పోయినకొలది పలుచని గాలి పీల్చి, ప్రతి 1,000 అడుగులకు నూటికి సుమారు 3 వంతుల బలము కోల్పోవును. కొలరాడోలో 11,000 అడుగులు దాటిన రహదారులు కలవు. అచట మూడవ వంతు బలము తరుగును. ఏడాది పొడుగున కొండలలో తిరుగువారు, బండిలోనే కాపురముండువారు ఈ సుఖమునకు వెల ఇచ్చిన తప్పులేదు. అది సుఖమునకు ఇచ్చు వెల యని, పొదుపు కాదని తెలిసి ఇచ్చిన చాలును.

మరియొక సంగతి. అమెరికాలో నిండు బరువు 8,500 పౌనులు దాటిన బండ్లకు, చిన్న కార్లకు వలె, గాలనుకు ఇన్ని మైళ్ళని ప్రభుత్వపు చీటీ అతికింపరు. ఇట్టి వ్యాన్లలో పెక్కులు ఆ బరువును మించినవే. అమ్మువాని మాటయే ఆధారము కారాదు. అట్టి బండినే బాడుగకు తీసికొని, తొట్టి నిండుగా పోయించి, మైళ్ళ అంకె వ్రాసికొని, మరల నిండుగా పోయించునపుడు పట్టిన గాలనులతో భాగించినచో నిజము తెలియును. పెక్కు బండ్లలో దీపములకు, చల్లని గాలికి ఉన్న జనరేటరు కూడ ఆ తొట్టి నుండియే త్రాగునని మరువరాదు. ఏ ఇంధనమైనను, ఎత్తైన ఈ బండ్లకు గాలియే శత్రువు. గాలి అడ్డగించు బలము వేగపు వర్గమునుబట్టి పెరుగును. గంటకు 70 మైళ్ళకు మారు 60 మైళ్ళ వేగమున పోయినచో ఆ బలము నూటికి 26 వంతులు తగ్గును. ఈ పొదుపునకు అప్పు అక్కరలేదు.

కావున పండితులవారికి మా మనవి. తమ కుమారునకు మరల ఫోను చేసినపుడు ఏ బండి కొనవలయునో చెప్పక, నాలుగు అంకెలు అడుగుడు: ఏటికి ఎన్ని మైళ్ళు పోవుదురు? రెండు బండ్ల ధరలలో తేడా ఎంత? ఆ యూరి బంకులో రెండు ఇంధనముల ధరలెంత? ఒక్కొక్క బండి గాలనుకు ఎన్ని మైళ్ళు పోవును? పైని చెప్పినట్లు లెక్కవేయుటకు ఒక కాగితము చాలును. ఏటికి రెండు సెలవులకు మాత్రమే బండి తీయువారైనచో, ఇంధనపు పొదుపును నమ్ముకొని అప్పు పెంచుకొనవలదని చెప్పుడు. తమ మొదటి సలహా ఈ దేశపు బంకు ధరలనుబట్టి ఇచ్చినది. ఈ దేశమునకు అది సరియైనదే. బండి తిరుగునది అచట గనుక లెక్కయు అచటి ధరలతోనే వేయవలయును.