ఫెర్న్ కుండీలలో నుసుములు – నివారణ

వరండాలోనో, కిటికీ ప్రక్కనో కుండీలో ఫెర్న్ మొక్కను పెంచుకొనువారు ఈ సంగతి గమనించియే యుందురు. నీరు పోయుటకు కుండీని కదపగానే నువ్వుగింజంత నల్లని ఈగలు గుంపుగా లేచి, కొంచెము ఎగిరి, మరల మన్నుమీదనే వ్రాలును. ఇవి మనుష్యులను కుట్టవు. పండ్లపై ముసురు ఈగలును ఇవి కావు. అయినను వీనితో విసిగి, పొలమునకు తెచ్చిన పురుగుమందులో మిగిలినదానిని ఇంటిలో చల్లువారు కలరు. పిల్లలు తిరుగాడు ఇంటిలో ఇది మిక్కిలి ప్రమాదకరము. పైగా దానివలన ఈగల బెడద తీరదు. ఎందుచేత తీరదో తెలిసికొనుట అవసరము.

ఈగ పుట్టుక

మన కంటబడు ఈగ సుమారు ఒక వారము మాత్రమే బ్రతుకును. ఆలోగా అది తడి మన్నులో వందకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. కొద్దిదినములలో వానినుండి తెల్లని ఒడలు, మెరయు నల్లని తల గల సన్నని పురుగులు బయలుదేరును. ఇవి ఎక్కువగా పైనున్న రెండు, మూడు అంగుళముల మన్నులోనే మసలుచు బూజును, చివుకుచున్న ఆకును, లేతవేళ్ళను తినును. గ్రుడ్డు ఈగ యగుటకు 3, 4 వారములు పట్టును. కావున ఎగురు ఈగలను చంపినను, మన్నులోని సంతతి అట్లే నిలిచి యుండును.

బాగుగా ఎదిగిన మొక్కకు కొలది పురుగులవలన పెద్ద హాని లేదు. క్రొత్తగా విడదీసి నాటిన పిలకలు మాత్రము వాడిపోవచ్చును. కొబ్బరిపొట్టు ట్రేలలో పెంచు కూరగాయల నారుకును, పుట్టగొడుగుల పెంపకమునకును ఈ జాతి ఈగలే బెడద కలిగించును. కుండీలో వీనిని గుర్తించిన రైతు నారుమడిలోను గుర్తింపగలడు.

గుర్తించు విధము

బంగాళాదుంపను ఒక అంగుళము మందమున కోసి, కోసిన వైపు మన్నుకు తగులునట్లు కుండీలో ఉంచవలెను. రెండు, మూడు దినముల తరువాత ఎత్తి చూచిన, పురుగులున్నచో ముక్క అడుగున చేరియుండును. ఆ ముక్కను పురుగులతో సహా పారవేయవలెను.

నివారణ

1. ఎడతెగని తడియే ఈ పురుగులకు ఆధారము. అయితే ఫెర్న్ పూర్తిగా ఎండుటను ఓర్వజాలదు. కావున పైనుండి నీరు పోయక, కుండీని నీటి పళ్ళెములో నిలిపి, వేళ్ళు అడుగునుండి నీరు పీల్చుకొనునట్లు చేయవలెను. పై మన్నుకు తడి చేరకముందే కుండీని తీసివేయవలెను. పళ్ళెములో నీరు నిలువనీయరాదు.

2. రాలిన, క్రుళ్ళిన ఆకులను ఎప్పటికప్పుడు ఏరివేయవలెను. సగము చివికిన పేడ ఎరువును కుండీలో వేయరాదు.

3. పసుపు పచ్చని అట్టముక్కకు ఆముదము పూసి మన్నుకు దగ్గరగా నిలిపిన, ఈగలు దానికి అంటుకొనును. వాని సంఖ్య తగ్గుచున్నదో లేదో దీనివలన తెలియును.

4. బెడద ఎక్కువైనచో, దోమ పిల్లలను చంపుటకు వాడు బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇస్రాయెలెన్సిస్ అను సూక్ష్మజీవి మందును, కుండీ మొక్కలకు వాడవచ్చునని చీటీపై ఉన్నచో, అందు చెప్పిన మోతాదున నీటిలో కలిపి మన్నులో పోయవలెను. ఇది మన్నులోని పురుగులపైననే పనిచేయును గాని ఈగలను చంపదు. కావున వారమున కొకసారి చొప్పున కొన్ని పర్యాయములు వాడవలెను.

ఒక హెచ్చరిక

ఫెర్న్ ఆకుల అడుగున వరుసగా గోధుమరంగు చుక్కలు కనబడును. అవి పురుగులు కావు; మొక్క తన సంతతిని పెంచుకొను సిద్ధబీజముల గుంపులు. వానిని చూచి భయపడి మందు చల్లరాదు.

ఒక తరము ఈగలు ముగియుటకు నెల దినములు పట్టునని మరువరాదు. వారము దినములలో ఈగలు తగ్గినవని పనిని విడువక, నెల పూర్తియగువరకు ఈ పద్ధతులను కొనసాగించినచో, విషము చల్లకయే మొక్కను, ఇంటిని కాపాడుకొనవచ్చును.