ఎమ్మా డార్విన్ వంటపుస్తకం

కవి చరిత్రకు కావ్యాలు, రాజు చరిత్రకు శాసనాలు ఆధారాలైనవి. గృహిణి చరిత్రకు మాత్రం ఆధారమే లేదని చాలకాలం అనుకొన్నారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని ఒక చిన్న చేతివ్రాత పుస్తకం ఈ అభిప్రాయాన్ని సవరించుకొమ్మంటున్నది.

ఆ పుస్తకం ఎమ్మా డార్విన్‌ది. పింగాణి పరిశ్రమలో పేరొందిన వెడ్జివుడ్ వంశంలో 1808లో జన్మించిన ఆమె, 1839 జనవరి 29న చార్లెస్ డార్విన్‌ను వివాహమాడినది. ఆ యేడే వంటపుస్తకం ప్రారంభించినది. 1842 నుండి కెంట్ ప్రాంతంలోని డౌన్ గ్రామంలో కాపురం. పదిమంది బిడ్డలలో ఏడుగురే పెరిగి పెద్దవారైనారు. భర్తకు తీరని అజీర్తి. అటువంటి ఇంట ఏమి వండవలెనన్నది రుచికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

చార్లెస్ నలభై యేండ్లకు పైగా జమాఖర్చులు వ్రాసినాడు. సొమ్ము ఎంత వెళ్లినదో పద్దు చెప్పును. అది ఇంటిలో ఏమైనదో వంటపుస్తకం చెప్పును. ఇందులోని టర్నిప్ దుంపల వంటకమొకటి ఎమ్మా తల్లి పుట్టింటివారి ఊరు క్రెసెలీ పేరు మోస్తున్నది. వంశవృక్షంలో మరుగుపడిన మాతృవంశం వంటింట నిలిచినది.

అన్నం వండే విధానం మాత్రం చార్లెస్ దస్తూరీలో ఉన్నది. ఉప్పు వేసి మరగించిన నీటిలో బియ్యం పోసి, గడియారం చూచి పన్నెండు నిమిషాలు ఉడికించి, నీరు వార్చి, పది నిమిషాలు నిప్పులపై ఉంచవలెనట. గంజి వార్చి ఉమ్మగిల్లనిచ్చే తెలుగు ఇల్లాలికి ఇందులో క్రొత్త లేదు. నిమిషాల లెక్క ఒక్కటే శాస్త్రజ్ఞునిది.

ఎమ్మా దినచర్య పుస్తకాలలోను ఇదే పొదుపు. 1851 ఏప్రిల్ 23న పదేండ్ల కుమార్తె ఆనీ దూరాన మాల్వెర్న్‌లో కన్నుమూసినది. నిండు గర్భిణియైన తల్లి అక్కడ లేదు. ఆ తేదీకెదురుగా ఆమె వ్రాసినది మరణవేళ మాత్రమే. విలాపకావ్యం పలుకలేనిది ఆ అంకె పలికినది.

ఈ కాగితాలు దక్కినది డార్విన్ పేరువల్ల. పేరులేని ఇండ్లలో ఇల్లాండ్రు వ్రాసిన పద్దులు అటకమీదనుండి చిత్తుకాగితాల బేరగాని తక్కెడలోనికి పోవుచున్నవి. వాటిని చదువనేర్చిన రచయితకు నవల కావలసినంత ఉన్నది. ముందు అవి మిగులవలెను.