నోటిమాట పంపకం.. కాయితం మీదికి ఎప్పుడు?

పెద్దపల్లి జిల్లాలో ఏ చిన్న ఊరికి పోయినా రైతు ఆస్తి లెక్క ఇంచుమించు ఒక్క తీరుగానే ఉంటుంది. కాలువ కిందనో, చెరువు కిందనో ఎకరం, ఎకరంన్నర పొలం. ఎత్తు మీద కొంత చెల్క. బాయిలో ఒక పాలు. రెండు బర్లు, వాటికో కొట్టం. ఊళ్లో ఓ ఇల్లు. ఏది ఎవరిదో ఊరందరికీ ఎరుకే. గెట్టు మీది చింతచెట్టును అడిగినా చెబుతుంది. చెప్పనిది ఒక్క పాసుపుస్తకమే. దున్నేది కొడుకులు, పుస్తకంలో పేరు తండ్రిది. కొన్ని ఇళ్లలోనైతే ఎప్పుడో పోయిన తాతది.

"మా అన్నదమ్ములకు తగాదా లేదు, కాయితం ఎందుకు?" అనే మాట తరచూ వినిపిస్తుంది. తగాదా లేనప్పుడే కాయితం సులువుగా అవుతుంది. తగాదా వచ్చినంక అయ్యేది కోర్టు కేసే.

పంపకం ఎట్ల జరుగుతుంది?

ఒక ఇంటికి 4 ఎకరాల 20 గుంటల భూమి ఉందనుకుందాం. ఎకరానికి 40 గుంటలు కనుక మొత్తం 180 గుంటలు. ముగ్గురు కొడుకులే పంచుకుంటే తలా 60 గుంటలు, అంటే ఎకరంన్నర. ఆ ఎకరంన్నరకు మళ్లీ ఇద్దరు వారసులుంటే 30 గుంటలే. అదీ ఒక్కచోట రాదు. పొలంలో అందరికీ పాలు కావాలి, చెల్కలో అందరికీ పాలు కావాలి. మడి ముక్కలయ్యే కొద్దీ గెట్లు పెరుగుతాయి, సాగు జాగ తగ్గుతుంది.

పెద్దమనుషులు కూర్చుంటారు. చీటీలు వేస్తారు. గెట్టు రాళ్లు పాతుతారు. ముసలోళ్ల బువ్వకు కొంత పక్కన పెడతారు. బాయి మాత్రం పంచలేరు, వంతులు పెట్టుకుంటారు. ఇయ్యాల పెద్దోడు, రేపు నడిపోడు, ఎల్లుండి చిన్నోడు. మోటరు కాలితే తలా ఇంత వేసుకుంటారు. ఇవన్నీ నోటిమాటలే. ఆ మాట అన్న పెద్దమనుషులు ఉన్నన్ని రోజులు నడుస్తుంది. వాళ్లు పోయినంక బాయి కాడి బాట మీదనే మొదటి పంచాయితీ మొదలవుతుంది.

పుస్తకాలు మారినా పేరు మారలేదు

నిజాం కాలంలో భూమి లెక్క పట్వారీ చేతిలో ఉండేది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కు ఇచ్చింది. 1984 జనవరిలో పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది. 2017లో రికార్డుల ప్రక్షాళన మొదలై, 2018లో కొత్త పాసుపుస్తకాలు వచ్చాయి. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. దాని జాగాలో 2025 ఏప్రిల్ 14 నుంచి భూ భారతి వచ్చింది.

పాత పహాణీలో పట్టాదారు గడి, అనుభవదారు గడి రెండూ ఉండేవి. దున్నేవాడి పేరు కనీసం అక్కడైనా కనిపించేది. కొత్త పుస్తకాల కాలంలో అనుభవదారు గడి పోయింది. దాంతో పట్టా ఎవరి పేర ఉంటే సర్కారు లెక్కలో వాళ్లే రైతు.

పోయేది ఏమిటి?

2018లో మొదలైన రైతుబంధు అయినా, 2025లో వచ్చిన రైతు భరోసా అయినా పట్టాదారు ఖాతాలోనే పడ్డాయి. పంట అప్పుకు పోతే బ్యాంకు పాసుపుస్తకం అడుగుతుంది. వడ్ల కొనుగోలు కేంద్రంలోనూ అదే అడుగుతారు. ఎల్లంపల్లి ప్రాజెక్టు కింద, సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల కింద భూములు పోయిన ఊళ్లు మన జిల్లాలో ఉన్నాయి. భూసేకరణలో పరిహారం కూడా రికార్డులో ఉన్న పేరుకే వస్తుంది.

అన్నింటికన్నా పెద్ద దెబ్బ బీమా దగ్గర తగులుతుంది. 2018 ఆగస్టు 15న మొదలైన రైతు బీమా కింద 18 నుంచి 59 ఏళ్లలోపు పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు వస్తాయి. తండ్రికి 70 ఏళ్లు, పట్టా ఆయన పేర ఉందనుకోండి. వయసు దాటింది కనుక ఆయనకు బీమా లేదు. 40 ఏళ్ల కొడుకు బాయి కాడ కరెంటు షాకుతో పోతే, పట్టా లేదు కనుక అతనికీ లేదు. ఆ భూమినే ఇరవై ఏళ్లు దున్నినా ఆ ఇంటికి బీమా సొమ్ము రాదు.

ఆడబిడ్డ పాలు

"పెండ్లి చేసినం, పసుపు కుంకుమ పెట్టినం, ఇంకేం పాలు?" అంటారు ఊళ్లో. చట్టం అట్ల అనదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉంది, పెండ్లి అయినా సరే. ఆనాటికి తండ్రి బతికి ఉండకపోయినా ఆ హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20 కంటే ముందు రిజిస్టరైన పంపకాలకు మాత్రం ఇది తగలదు.

మనలాగే వరి పండించే ఇతర దేశాల ఊళ్లలోనూ ఈ లెక్క ఉంది. ఇండోనేసియాలోని దక్షిణ సులవేసిలో బుగిస్ అనే జనం ఉన్నారు. గుంజల మీద ఇళ్లు కట్టుకుంటారు. మగవాడు కావడితో రెండు బరువులు మోస్తాడు, ఆడది తలమీద ఒక బరువు మోస్తుంది కనుక కొడుక్కు రెండు పాళ్లు, బిడ్డకు ఒక పాలు అనేది వాళ్ల పాత లెక్క. అది సమానం కాదు గానీ బిడ్డను లెక్కలోంచి తీసేయలేదు. తల్లిదండ్రులను చూసుకున్నవాళ్లకే ఇల్లు ఇవ్వడం కూడా అక్కడి ఆనవాయితీ, చాలాసార్లు అది బిడ్డకే పోతుంది.

మన దగ్గర అక్కచెల్లెండ్లను విడిచిపెట్టి విరాసత్‌కు దరఖాస్తు పెడితే ఫైలు ఆగుతుంది. వారసులందరి ఒప్పుదల కావాలి. ఆడబిడ్డ తన ఇష్టంతో పాలు వదులుకుంటే, అది కూడా రిజిస్టరు కాయితం మీదనే ఉండాలి.

ముసలోళ్ల భయం

పెద్దలు పట్టా మార్చకపోవడానికి అసలు కారణం వేరే. "పేరు మార్చినంక బువ్వ పెడతడా?" అన్నదే వాళ్ల భయం. అది వట్టి భయం కాదు. దీనికి 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో మందు ఉంది. సాకాలి, మందులు ఇప్పించాలి అనే షరతును దానపత్రంలో రాయించాలి. కొడుకు గానీ బిడ్డ గానీ ఆ మాట తప్పితే ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టి ఆ పత్రాన్ని రద్దు చేయించుకోవచ్చు. షరతు రాయకుంటే రద్దు కష్టం. కాబట్టి ఆ ఒక్క వాక్యం మరువకుండా రాయించండి.

రైతులు చేయవలసినవి

* ఇంటిపెద్ద బతికి ఉండగానే భాగపంపిణీ పత్రమో, దానపత్రమో తహసీల్దారు దగ్గర రిజిస్టరు చేయించండి. ఎవరి పాలు ఎంతో, ఏ దిక్కునో హద్దులతో రాయించండి.

* బాయిలో వంతు, మోటరు ఖర్చు, నడిచే బాట, నీళ్లు పారే కాలువ కూడా అందులోనే రాయించండి. చాలామంది మరిచేది ఇదే.

* తండ్రి పోయి ఉంటే మరణ ధృవపత్రం తీసుకుని విరాసత్‌కు దరఖాస్తు పెట్టండి. వీలునామా లేకుంటే తల్లి, కొడుకులు, బిడ్డలు, నాయనమ్మ ఉంటే ఆమె కూడా వారసులే.

* తెల్లకాయితం మీద భూమి కొన్న చిన్న, సన్నకారు రైతులు 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 దాకా సాదాబైనామా దరఖాస్తు పెట్టి ఉంటే ఆ రసీదు దాచుకోండి. భూ భారతి చట్టం కింద వాటిని విచారించేది ఆర్డీవో.

* లావుణి పట్టా భూమి వారసులకు వస్తుంది, అమ్మితే మాత్రం చెల్లదు. 1977 నాటి చట్టం ఉంది. కొని మోసపోకండి.

* ఇంటిపన్ను రసీదు ఒక్కటే ఇంటికి హక్కుపత్రం కాదు. ఇంటి జాగను కూడా పంపకంలో రాయించండి.

వరికోతలు అయినంక నాలుగు రోజులు తీరిక దొరుకుతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు ఒక్క పూట కూర్చుంటే సగం పని అవుతుంది. నాయిన ముందట కూర్చుని మాట్లాడుకునే మాటకు, నాయిన పోయినంక మాట్లాడుకునే మాటకు చాలా తేడా ఉంటుంది.