పరదేశమున నేర్చిన చదువు

1958 వ సంవత్సరమున ఇటలీ దేశపు యువతి యొకతె అమెరికానుండి రోము నగరమునకు తిరిగివచ్చెను. ఆమె పేరు సోఫియా కొరాడి. న్యాయశాస్త్ర విద్యార్థిని. ఫుల్‌బ్రైట్ విద్యార్థివేతనముతో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయి, ఉన్నతపట్టము గైకొని వచ్చినది. ఆ చదువును రోము విశ్వవిద్యాలయమున తన పరీక్షలక్రింద జమకట్టుడని యామె వేడెను. అక్కడి యుద్యోగి అంగీకరింపకుండుటయే గాక, పదిమంది యెదుట ఆమెను చీవాట్లు పెట్టెను. ఆ యవమానమును తాను మఱచిపోలేదని యామె తరువాత పలుమారులు చెప్పుకొన్నది.

సోదరీమణులారా, ఈ వృత్తాంతము చదివినపుడు నా మనస్సు చివుక్కుమనినది. నేను బడికి పోయి చదివినదానను గాను. మా నాయనగారు వీథియరుగుమీద కూర్చుండబెట్టుకొని కోశము, కావ్యములు, కొంత వ్యాకరణము చెప్పినారు. ఒకప్పుడు ఒక బాలికాపాఠశాలలో తెలుగు చెప్పువారు కావలసివచ్చి నన్ను పిలిపించిరి. ఒక పద్యమునకు అన్వయము చెప్పించుకొని, తలలూచి, చివరకు "పట్టా యేదమ్మా?" అని యడిగిరి. పట్టా లేదు. ఇంటికి వచ్చి పప్పు పొయ్యిమీద పెట్టితిని. అంతకుమించి నేను చేసినది లేదు.

కొరాడి యట్లు ఊరకుండలేదు. ఇటలీ విశ్వవిద్యాలయాధిపతుల సమితికి సలహాదారుగా నుండి, పొరుగుదేశమున చదివిన చదువు స్వదేశమున చెల్లవలెనని 1969 లో ఒక విజ్ఞాపనపత్రము సిద్ధపఱచెను. ఎక్కిన గుమ్మమే యెక్కుచు పదునెనిమిదేండ్లు తిరిగెను. తుదకు 1987 లో ఐరోపా సంఘమువారు 'ఎరాస్మస్' అను పథకమును ప్రారంభించిరి. మొదటి యేట 11 దేశములనుండి 3,244 మంది విద్యార్థులు పోయిరి. పోయినచోట బోధనరుసుము లేదు. కొంత భత్యము లభించును. అక్కడ ముగించిన చదువును ఇక్కడివారు లెక్కలోనికి తీసికొనవలెను. ఈ మూడవ నిబంధనయే ఆ యవమానమునుండి పుట్టినది. జనులామెను 'ఎరాస్మస్ తల్లి' యని పిలిచిరి. 2025 అక్టోబరులో 91 వ యేట ఆమె పరమపదించెను.

కళాశాల మెట్లెక్కని పిల్లలమాట యేమి? వారికిని ఈ పథకము దారి చూపినది. 13 మొదలు 30 ఏండ్లలోపు వయస్సుగల యువజనులు రెండు లేక అంతకంటె నెక్కువ దేశములవారు ఒకచోట చేరి, 5 దినములు మొదలు 21 దినములవఱకు కలిసి వసింతురు. ఇది విహారయాత్ర కాదు. నీటి పొదుపో, నాటకమో, వృద్ధుల ఒంటరితనమో, విషయమును పిల్లలే నిర్ణయించుకొని, పెద్దల సాయముతో కార్యక్రమము కూర్చుకొనవలెను. స్వచ్ఛందసేవకు 1996 లో శ్రీకారము చుట్టిరి. ఇప్పుడది 'యూరోపియన్ సాలిడారిటీ కోర్' అను పేర సాగుచున్నది. 18 నుండి 30 ఏండ్లవారు పరదేశమున శిశుశాలలోనో వికలాంగుల గృహములోనో కొన్ని నెలలు సేవచేయుదురు. వారికి బస, భోజనము, దారిఖర్చు, బీమా, చేతిఖర్చు ముట్టును. ఇంకొక ఏర్పాటు నాకు మిక్కిలి నచ్చినది: అయిదుగురు మిత్రులు కలిసిన చాలును, తమ యూరి మేలుకొఱకు తాము తలపెట్టిన పనికి ద్రవ్యసహాయము కోరవచ్చును. ఊరు విడువనక్కఱలేదు.

ఇట్లు నేర్చినదానికి పరీక్ష లేదు, మార్కులు లేవు. అందుకని 2007 నుండి 'యూత్‌పాస్' అను పత్రము నిచ్చుచున్నారు. తానేమి నేర్చినదియు ఆ యువకుడో యువతియో తన మాటలలో వ్రాసికొనును. ఇతరులు వేసిన మార్కులకంటె ఇది నయమని నాకు తోచుచున్నది. ఉద్యోగమిచ్చువారు దీనికెంత విలువ కట్టుదురన్నది వేఱుమాట.

2021 నుండి 2027 వఱకు ఎరాస్మస్ పథకమునకు సుమారు 2,600 కోట్ల యూరోలు కేటాయించిరి. సొమ్ము పెద్దదే. అయినను విద్యార్థుల భత్యము అన్ని ఖర్చులకు చాలునది కాదు. ఇంటివారు కొంత చేర్చవలసివచ్చును. కలిమిగలవారికి దారి సుగమము, లేనివారికి ముండ్లబాట. లేమివలన గాని అంగవైకల్యమువలన గాని వెనుకబడినవారికి అదనపు సహాయ మేర్పఱచిరి గాని, కొఱత పూర్తిగా తీఱలేదు.

మన పిల్లలకును ఇందొక ద్వారము కలదు. 'ఎరాస్మస్ ముండస్' అను ఉన్నతపట్ట విద్య 2004 నుండి సర్వదేశములవారికి తెఱవబడినది. విద్యార్థివేతనము పొందినవారికి బోధనరుసుము లేదు. నెలకు 1,400 యూరోలు లభించును. రెండు దేశములకు తక్కువ గాకుండ తిరిగి చదువవలెను. దరఖాస్తు నేరుగా ఆ విశ్వవిద్యాలయములకే పంపుకొనవలెను గనుక దళారి చేతిలో రొక్కము పోయనక్కఱలేదు.

మొన్న మా ప్రక్కింటి వదినగారు కూతును వెంటబెట్టుకొని మాయింటికి వచ్చి, "అక్కడ చదివినది ఇక్కడ చెల్లునా వదినా?" అని యడిగినారు. అరువదియేండ్లు దాటినను ప్రశ్న మాఱలేదుగదా యనుకొంటిని. పట్టము పుచ్చుకొన్నపిదప గాక, బయలుదేఱుటకు ముందే, ఆ పట్టమునకు మనదేశమున సమానపత్ర మిత్తురో లేదో వ్రాసి కనుగొనుమని పిల్లకు చెప్పితిని. ఆ సాయంకాలమే మా యరుగుమీద కూర్చుండి ఆ జాబు వ్రాసినది.