మట్టి వినాయకుడు

భాద్రపద శుద్ధ చవితినాడు మనము పూజించు విఘ్నేశ్వరుని రూపము చిన్ననాటినుండి చూచుచున్నదే యగుటచే, అది యట్లేల యున్నదని విచారించుట యరుదు. ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పిన నన్ను పిల్లలు ఏటేట నడిగిన ప్రశ్న యిదియే.

స్వామి చెవులు చేటలవంటివి, కన్నులు చిన్నవి. ఎక్కువగా వినుము, నిదానించి చూడుము అని వారికి చెప్పుచుంటిని. తొండము మ్రాను నెత్తగలదు, గరికపోచను తీయగలదు. బలమును సుకుమారమును ఒక్కచోటనే యుండవలెనని దాని భావము. వ్యాసులవారు చెప్పగా భారతమును వ్రాసిన లేఖకుడు ఈయనయే యని ప్రసిద్ధి. ఎడతెగక చెప్పవలెనని గణపతి నియమము. అర్థము తెలియక యొక్క మాటయు వ్రాయరాదని వ్యాసుల ప్రతినియమము. చవితినాడు పిల్లలు పుస్తకములను స్వామి సన్నిధి నుంచుటకు ఇంతకంటె తగిన కారణమేమి కావలెను? ఇక ఎలుక యన, గాదెలలో దూరి దొంగిలించు చపలమైన యాశ. దాని నణచి యెక్కినవాడు స్వామి యని పెద్దల వ్యాఖ్య.

పూజకు పత్రి యిరువదియొక్క విధములు. మాచిపత్రి, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, వావిలి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు మొదలైనవి. వీనిలో పెక్కు ఎవరును నీరుపోసి పెంచనివే. గట్టుల వెంబడి తామై మొలచునవే. తెల్లవారుజామున బడిపిల్లలను చెరువుగట్టునకు గొనిపోయి ఒక్కొక్క యాకును చూపి పేరు చెప్పించువాడను. చెట్టుచేమలను గుర్తించుటకు అంతకంటె మంచి పాఠమును నేనెరుగను.

విగ్రహమునకు మట్టియు ఆ చెరువుదే. దానికి ప్రాణప్రతిష్ఠ చేసి, ఉండ్రాళ్లు, కుడుములు నివేదించి, పిదప ఉద్వాసన చెప్పి నీట గలుపుదుము. రూపము కరగిపోవును, మట్టి మట్టిని జేరును, స్వామి మన హృదయమున నిలుచును. నిమజ్జనమున కర్థమిదియే.

ఇంటిలో జరుగు నీ పండుగను బహిరంగోత్సవముగా వ్యాపింపజేసినవారిలో ముఖ్యులు బాలగంగాధర తిలకుగారు. 1893 నుండి పుణ్యపట్టణమున అది ప్రబలినది. ఊరంతయు నొక పందిటి క్రింద కూడుట మేలే. కాని పందిళ్లతోపాటు విగ్రహములును పెరిగి, మట్టికి బదులు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వచ్చినది. అది నీట త్వరగా కరగదు. పైపూతల రంగులలో సీసమువంటి లోహములున్నచో అవి నీటిని చెరచును.

ఒక వేసవిలో మా యూరి చెరువెండినది. మనుమనితో గట్టుపై నడచుచుండగా, అడుగున బురదలో, రంగు వెలిసి, చేయి విరిగి, ఒక విగ్రహము పడియున్నది. పిల్లవాడు నిలిచి, “తాతా, స్వామి యింకను వెళ్లలేదా?” అని యడిగెను. ఇన్నేండ్లు పాఠములు చెప్పిన నాకు ఆనాడు సమాధానము దొరకలేదు. ఆ విగ్రహమును పందిటికి దెచ్చిననాడు కొబ్బరికాయ కొట్టినవాడను నేనే.

మరుసటి చవితికి మేమిద్దరము చెరువుమట్టి తెచ్చుకొంటిమి. వాడు చేసిన స్వామికి తొండము వంకర, చెవులు హెచ్చుతగ్గులు. నిమజ్జనమున మాత్రము, చూచుచుండగనే కరగిపోయెను. వాడు చేతులు జోడించెను.

పెద్దలారా, పత్రి పేర్లును మట్టి పదునును ఎరిగినవారు మీరు. రాబోవు చవితికి మీ మనుమలను చెరువుగట్టునకు వెంటబెట్టుకొని పొండు. మనము చూపకున్న వారికి చూపువారెవరు?