గొంగడి, గిడుగు, గోనె ముసుగు: వానలో పొలం పనికి కప్పుకొనే సాధనాలు

‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడే’ అన్న మాట వాడని తెలుగువారు అరుదు. ఆ గొంగళిని చేతితో తాకి చూసిన వ్యవసాయ విద్యార్థులు మాత్రం నేడు కొద్దిమందే. నాగలిని, గొర్రును, మోటను వర్ణించిన మన సేద్య గ్రంథాలు వానలో పనిచేసే మనిషి ఒంటిమీది కప్పును దాదాపు పట్టించుకోలేదు. నారు పీకడం, నాట్లు వేయడం, కలుపు తీయడం వంటి వానాకాలపు ముఖ్యమైన పనులన్నీ జల్లులోనే సాగుతాయి. తడిసి వణికే కూలీ ఎంత నేర్పరి అయినా కుదురుగా నాటు వేయలేదు.

ముందుగా పదాల సంగతి. తెలంగాణలో గొంగడి, కోస్తా ప్రాంతంలో గొంగళి, రాయలసీమలో ఎక్కువగా కంబళి అంటారు. వీటిలో కంబళి సంస్కృతంలోని ‘కంబల’ శబ్దం నుండి వచ్చింది. గిడుగు అంటే తాటాకు వంటి ఆకులతో కట్టిన గొడుగు. ఈనాడు ఆ మాట వినగానే వ్యావహారిక భాషోద్యమ నాయకుడు రామమూర్తి పంతులు గుర్తుకు వస్తారే తప్ప వస్తువు గుర్తుకు రాదు. మైనపు గుడ్డ అనే మాట నీరు దిగకుండా మైనమో నూనెయో పట్టించిన బట్టకు చెల్లేది. టార్పాలిన్ వచ్చాక అది వెనుకబడింది. ఆ టార్పాలిన్‌ను కూడా మన రైతులు పట్టా అనో, బరకం అనో తమ మాటగా మార్చుకున్నారు.

గొంగడి దక్కనీ గొర్రె ఉన్నితో నేసేది. ఈ జాతి ఉన్ని ముతకది, ఎక్కువగా నల్లనిది. కురుమలు దానిని వడికి, చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద నేస్తారు. గంజి వల్ల పడుగు బలపడి నేత బిగుతుగా వస్తుంది. అయితే వానను ఆపే గుణం ప్రధానంగా ఉన్నిలోనే ఉంది. ఉన్ని పోగుపై పొర నీటిని అంటనీయదు. దానికి తోడు గొర్రె చర్మం నుండి స్రవించే ఉన్ని కొవ్వు, అంటే లానొలిన్, పోగుకు పట్టి ఉంటుంది. పడిన చినుకు ఇంకక జారిపోతుంది. పోగు లోపలి భాగం మాత్రం ఇందుకు విరుద్ధంగా తేమను ఆకర్షిస్తుంది; తన పొడి బరువులో సుమారు 30 శాతం వరకు నీటి ఆవిరిని పీల్చుకొని కూడా తడిగా తోచదు. అలా పీల్చేటప్పుడు కొద్దిపాటి వేడి వెలువడుతుంది. జడివానలో గొంగడి కప్పుకొన్న కాపరికి వెచ్చగా ఉండడానికి ఇదొక కారణం. గొంగడిని సబ్బుతో తరచు ఉతకకూడదనే కాపరుల పట్టింపును మురికితనంగా చూడడం తగదు. ఉతికితే పోయేది మురికి ఒక్కటే కాదు, ఆ కొవ్వు కూడా.

ఇంత మంచి గొంగడి నాటు వేసే స్త్రీకి ఎందుకు పనికిరాలేదు? జవాబు పని భంగిమలో ఉంది. కాపరి నిలబడతాడు, నడుస్తాడు. తల మీది నుండి జారే కంబళి ముసుగు అతనికి చాలు. నాటు వేసేవారు నడుము వంచి ఉంటారు కనుక వాన నేరుగా వీపు మీద పడుతుంది. రెండు చేతులకూ పని ఉంటుంది కాబట్టి గొడుగు పట్టుకోవడం కుదరదు. వేలాడే అంచులు మడి నీటిలో మునిగి బరువెక్కుతాయి. అందువల్ల ఎడతెగని వానలు కురిసే వరి సీమలలో తల నుండి నడుము వరకు వీపును కప్పే డిప్పలు పుట్టాయి. మేఘాలయ ఖాసీలు వెదురు, ఆకులతో తాబేటి చిప్ప ఆకారంలో అల్లే ‘క్నూప్’, కొంకణంలోని ‘ఇర్లే’, కర్ణాటక మలెనాడులోని ‘గొరబె’ ఈ కోవకు చెందినవి. అస్సాంలో వెదురు, టొకౌ ఆకులతో చేసే వెడల్పాటి ‘జాపి’ టోపీలలో రైతుకు ఒక రకం, పశుల కాపరికి వేరొక రకం ఉన్నాయి. పనిని బట్టి కప్పు మారాలన్న ఎరుక అక్కడ పేర్లలోనే కనిపిస్తుంది.

క్నూప్ వాడే మాసిన్‌రామ్‌లో ఏడాదికి 11,000 మిల్లీమీటర్లకు మించి వాన పడుతుంది. తెలంగాణ సగటు సుమారు 900 మిల్లీమీటర్లు. రాత్రి పరుచుకోవడానికీ, చలికి కప్పుకోవడానికీ, వానకు ముసుగు వేయడానికీ ఒకే గొంగడి ఇక్కడ సరిపోవడం ఈ తేడా వల్లనే కావచ్చునని నా అభిప్రాయం.

పాశ్చాత్య దేశాలలో జాలరులు అవిసె నూనె పట్టించిన బట్టలు తొడిగేవారు. 1823లో చార్లెస్ మాకింటాష్ రెండు బట్టల నడుమ రబ్బరు పొర ఉంచి పేటెంటు పొందాడు. నీరు లోపలికి రాలేదు, కానీ చెమట ఆవిరి బయటికీ పోలేదు. నేటి చవక ప్లాస్టిక్ కోటుదీ ఇదే లోపం. కష్టమైన పనిలో మనిషికి గంటకు అర లీటరు నుండి లీటరు వరకు చెమట పట్టవచ్చు. అది కోటు లోపలే నిలిస్తే వానలో తడిసినట్లే. మన కూలీలు రెండు జల్లుల మధ్య కోటు విప్పి గట్టు మీద పెట్టడానికి కారణం నిర్లక్ష్యం కాదు.

ఇప్పుడు పొలాలలో ఎక్కువగా కనిపించేది సంచి ముసుగు. సంచి అడుగు మూలలలో ఒకదానిని రెండవ దానిలోకి దోపితే తలకు కొనదేరిన ముసుగు, వీపుకు కప్పు ఏర్పడతాయి. కన్నడ సీమలో కంబళితో ఇలా వేసే ముసుగును ‘కొప్పె’ అంటారు. ఒకప్పుడు దీనికి జనపనార గోనె వాడేవారు. ఇప్పుడు యూరియా సంచి ఆ స్థానానికి వచ్చింది. చేతులు ఖాళీగా ఉంటాయి, ఖర్చు లేదు, తేలిక. దీనిని ఎగతాళి చేయవలసిన పని లేదు. అయితే సంచిలో ఏముండేదన్న ప్రశ్న తప్పక వేయాలి. యూరియా తేమను పీల్చి కరిగే పదార్థం. కడగని సంచిలోని గుళికల పొడి వాన నీటితో కలిసి మెడ, కళ్ళ మీదికి కారుతుంది. పురుగుమందు గుళికలో, మందు పట్టించిన విత్తనమో ఉన్న సంచి అయితే అది ప్రమాదమే. తడి చర్మం గుండా విషం లోపలికి చేరడం మరింత సులభం. అటువంటి సంచి ఎంత కడిగినా తలకు పనికిరాదని విస్తరణ శాస్త్రవేత్తలు నాట్లకు ముందే గ్రామాలలో చెప్పాలి.

గొంగడి వెనుకబడడానికి ప్లాస్టిక్ ఒక్కటే కారణం కాదు. మాంసం కోసం నెల్లూరు వంటి బొచ్చు తక్కువ జాతులతో మందలు కలిసిపోయి, ఉన్ని ఇచ్చే దక్కనీ గొర్రె తగ్గింది. ఉన్నికి ధర లేనప్పుడు కత్తిరింపు కూలీ కాపరికి భారమే. 2019 పశుగణనలో తెలంగాణ గొర్రెల సంఖ్యలో దేశంలో ప్రథమ స్థానంలో నిలిచింది. గొర్రెలు పెరిగిన చోట గొంగడి పెరగలేదు.

క్షేత్ర సర్వేలు చేసే విద్యార్థులకు ఒక సూచన. ప్రశ్నావళిలో ‘రైన్‌కోటు ఉందా?’ అని మాత్రమే అడిగితే చాలా ఇళ్ళలో ‘లేదు’ అన్న జవాబే వస్తుంది. వానలో నాట్లకు వెళ్ళేటప్పుడు తలకు, వీపుకు ఏమి కప్పుకుంటారో తెచ్చి చూపమని అడగండి. దాని పేరును వారు పలికినట్లే రాసుకోండి. సంచి అయితే అందులో మునుపు ఏముండేదో కూడా పక్కనే నమోదు చేయండి.