గోదావరి లంకలసీమ - అచ్చటి స్త్రీలు

మన యెల్లారెడ్డిపేట మెట్టసీమ. చెరువు నిండినగాని పంట లేదు. ఇచ్చట కురిసిన వాన వాగులవెంట మానేటిని జేరును. మానేరు మంథని ప్రాంతమున గోదావరిలో గలియును. ఆ నీరు తుదకు జేరు డెల్టాసీమ నొకమారు మనసున దర్శింతము.

నాసిక దాపున త్ర్యంబకమున బుట్టిన గోదావరి సుమారు 1465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమును జేరును. ధవళేశ్వరము దాటిన పిమ్మట నది గౌతమి, వసిష్ఠ యను పాయలుగా జీలును. వేలయేండ్లుగా నది మోసితెచ్చిన యొండ్రుమట్టియే యచ్చటి నేల. ఆ రెండు పాయల నడుమ నున్నది కోనసీమ. పాయలలో మేటవేసిన దీవులు లంకలు. ఎటు చూచినను వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు. ఒక యూరు ముగియకమునుపే మఱియొక యూరు మొదలగును.

ఈ సిరి యూరక రాలేదు. 1833 ప్రాంతమున ఘోరమైన కఱవు, 1839లో గొప్ప తుపాను ఆ సీమను గుల్లచేసెను. పిదప 1847 మొదలు 1852 వఱకు కాటన్ దొర పర్యవేక్షణమున, వేలకొలది కూలీల చెమటతో ధవళేశ్వరమున ఆనకట్ట వెలసెను. కాలువలు పాఱెను, పైరు పండెను, జనము పెరిగెను.

పండిన యన్నమును పదుగురికి బెట్టిన యిల్లాలు దొక్కా సీతమ్మగారు (1841-1909). వైనతేయపు టొడ్డున లంకల గన్నవరమున నామె నివసించెను. ఏటిని దాటవచ్చిన బాటసారి యే వేళ తలుపు తట్టినను, కులమడుగక విస్తరి వేసిన తల్లి యామె. నేడచ్చటి అక్విడక్టున కామె పేరే పెట్టిరి.

కాని యా సీమ స్త్రీలందఱికిని సిరి దక్కలేదు. నరసాపురము చుట్టుపట్ల వేలాది స్త్రీలు క్రోషియా సూదితో లేసు నల్లుదురు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన యీ విద్య విదేశముల బల్లలపై వన్నెకెక్కినది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపును లభించెను. అయినను కన్నులు నొవ్వ నల్లిన చేతికి దక్కునది స్వల్పము. నడుమనున్న దళారికి దక్కునది హెచ్చు. అది పనియే కాదు, తీరికవేళ వినోదమని యింటివారే తలతురు. పైగా 1996 నవంబరు 6వ తేదీనాటి తుపానువంటివి వచ్చినపుడు, కొబ్బరిచెట్లతోపాటు కాపురములును కూలును.

ఈ మాట వినగా మన వాకిండ్లు జ్ఞప్తికి రాలేదా? ఆకు కత్తిరించి, పొగాకు నింపి, దారము చుట్టి, వేయి బీడీలకింత యని కూలి పుచ్చుకొను మన యాడబిడ్డల పనియు నట్టిదే కదా! మెట్టయైనను, డెల్టాయైనను, ఇంట గూర్చుండి చేయు స్త్రీ శ్రమకు లెక్క లేదు.

కావున సోదరీమణులారా, మీ యింటి కోడలో కూతురో యట్టి పని చేయుచున్నచో, ఎన్ని గంటలు చేసినది, ఎంత కూలి వచ్చినది ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. ఆ ధనము నామె చేతనే యుంచుడు. "ఇంటిలోనే గదా" యను మాట మన నోట రాకుండుగాక!